ఎదురుకోలు కారు

మా నకరికల్లులో ఎవరి బోరు మోటారు మొరాయించినా మెకానిక్ కంటే ముందు నాకు ఫోన్ చేస్తారు. ఈ మాట నేను చెప్పుకుంటే గొప్పలు, ఊరు చెప్పుకుంటే నిజం. మోటారు శబ్దం విని వైండింగ్ కాలిందో, బేరింగ్ పోయిందో చెప్పగలను. ఒకసారి ట్రాక్టర్ గేరుపెట్టె మొత్తం విప్పి మళ్లీ బిగించాను. చివర్లో రెండు నట్లు మిగిలిన మాట వాస్తవమే గానీ ఆ ట్రాక్టర్ ఇప్పటికీ దున్నుతోంది. ఇక మిర్చికి మందు కొట్టే పవర్ స్ప్రేయర్లంటారా, వాటిని కళ్లు మూసుకుని విప్పుతాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన వెధవ పని తెలియక చేసింది కాదని మీకు ముందే తెలియాలి. అన్నీ తెలుసన్న పొగరుతో చేశాను.

నా పేరు నాగభూషణరావు. అరవైకి ఏడాది తక్కువ. పదెకరాల మిర్చి, నాలుగెకరాల పత్తి, ఇంటి ముందు ఒక నల్లటి జర్మనీ కారు. కారు వయసు పద్నాలుగేళ్లు. హైదరాబాదులో ఒక డాక్టరు వాడి వాడి వదిలేసిన బండి. కొత్తది కొనే తాహతు నాకు లేదు. కానీ తలుపు వేస్తే వచ్చే ఆ శబ్దం ఉంది చూడండీ, మెత్తగా, పెద్ద ఇనప్పెట్టె మూసినట్టు, దానికి పడిపోయాను. ఊళ్లో ఎవరైనా అడిగితే "కొన్నా" అని మాత్రమే చెప్పేవాణ్ణి. పాతదా కొత్తదా అని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

ఈ కారుకి మామూలు కార్లలా ఇనప స్ప్రింగులు ఉండవు. నాలుగు చక్రాల దగ్గర నాలుగు రబ్బరు సంచులుంటాయి. వాటిలో గాలి ఉంటుంది, ఆ గాలి మీద కారు నిలబడుతుంది. గాలి నింపడానికి ఒక చిన్న కంప్రెసర్, దాన్నుంచి ఒక్కో సంచికి ఒక్కో సన్నటి గొట్టం. గాలి ఉన్నంతసేపు మన రోడ్ల మీద కూడా పడవలా పోతుంది. గాలి పోయిందో, గేదె పడుకున్నట్టు పడుకుంటుంది.

మా తమ్ముడు ఆనందరావు కూతురు బిందు పెళ్లి తొమ్మిది రోజులుందనగా, ఒక పొద్దున లేచి చూస్తే కారు ముందు కుడివైపు కూలబడి ఉంది. స్టార్ట్ చేస్తే నెమ్మదిగా లేచింది. మర్నాడు మళ్లీ అదే తంతు. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద జిలానీకి రేకుల షెడ్డుంది. ఆ కారు మీద చెయ్యి వేయగలిగిన వాడు మా చుట్టుపక్కల అతనొక్కడే. నలభై ఏళ్లు కూడా లేవు గానీ పనిలో పెద్దవాడు. తెలియనిది తెలియదని చెప్పే మెకానిక్‌ని నేను అతన్నొక్కణ్ణే చూశాను. కారు అక్కడికి తీసుకుపోయాను.

జిలానీ చక్రం విప్పి, టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"బాబాయ్, గొట్టం సంచిలోకి పోయే కాడ చిట్లింది. సంచి కూడా నెర్రెలిచ్చింది. రెండూ మార్చాలి. సామాను చెన్నై నుంచి రావాలి, పన్నెండు రోజులు పట్టిద్ది."

"పెళ్లి ఎనిమిది రోజుల్లో ఉందయ్యా. పెళ్లికొడుకుని ఎదురుకోలుకి దీంట్లోనే తేవాల."

"అయితే వేరే బండి చూసుకోండి. దీన్ని నమ్ముకుంటే నడిమధ్యలో కూలబడిద్ది." నా వంక చూసి నవ్వాడు. "మీ సంగతి నాకు తెలుసు. దీన్ని మాత్రం విప్పబాకండి. ఇది మీ స్ప్రేయర్ కాదు."

నేను కూడా నవ్వాను. చేతులు తుడుచుకుంటూ అతను ఇంకో మాట అడిగాడు. అడగడానికి మొహమాటపడ్డాడు.

"మీకు కాబోయే వియ్యంకుడు, దాచేపల్లి పూర్ణచంద్రరావుగారు, నాతో మాట్లాడారు బాబాయ్. ఆయనకి సిమెంటు తోలే లారీలు తొమ్మిదున్నాయి గదా. వాటి పని ఏడాది పొడుగునా ఒకరికే ఇస్తా, నీ పేరు అనుకుంటన్నా అన్నారు. పెళ్లిలో కలిసినప్పుడు నా గురించి మీరొక మాట చెప్పండి. మీ మాటంటే ఆయనకి గురి."

ఆ పని వస్తే షెడ్డు వెనక లారీలకు గొయ్యి తవ్విస్తాడట. హైదరాబాదులో ఎవరి గ్యారేజీలోనో పడి ఉన్న తమ్ముడు కరీముల్లాని వెనక్కి పిలిపించుకుంటాడట. తల్లి అదే కలవరిస్తోందట. చెబుతుంటే అతని ముఖం వెలిగిపోయింది.

"ఒక మాటేంది, పది చెప్తా పో" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పుడు ఇంకా సిగ్గేస్తుంది.

ఎదురుకోలు సంగతి తెలియని వాళ్లకు చెబుతాను. మగపెళ్లివారు వచ్చి విడిదిలో దిగుతారు. ఆడపెళ్లివారం మేళతాళాలతో, పానకం బిందెలతో ఎదురు వెళ్లి, పెళ్లికొడుకుని కారెక్కించి, ఊళ్లోంచి ఊరేగించుకుంటూ పెళ్లిపందిట్లోకి తీసుకొస్తాం. ఆ కారు ఎవరిది, ఏ కారు అన్నది పెళ్లయ్యాక ఏడాది వరకూ చెప్పుకుంటారు. మా తమ్ముడు నెల ముందే వియ్యాలవారితో "మా అన్నయ్య కారులో తెస్తాం" అని చెప్పేశాడు. వేరే కారు అద్దెకు తెస్తే ఏమైంది? ఏమీ కాదు. కానీ ఆ రాత్రి ఎంత ఆలోచించినా ఆ మాట నాకు మింగుడు పడలేదు.

మర్నాడు ఇంటి ముందు మిర్చి పట్టా పరిచి, ట్రాక్టరు జాకీ పెట్టి కారు లేపాను. సెల్‌ఫోన్‌లో ఎవడో తెల్లవాడు అదే కారు విప్పుతున్న వీడియో పెట్టుకున్నాను. వాడి భాష అర్థం కాలేదు గానీ వాడి చేతులు అర్థమయ్యాయి. సబ్బునీళ్లు కలిపి గొట్టం మీద పోశాను. సంచిలోకి పోయే చోట బుడగలు బుసబుసమని వచ్చాయి. సైకిలు ట్యూబుకి చూసినట్టే ఉంది. దీనికి చెన్నై ఎందుకు, పన్నెండు రోజులెందుకు అనుకున్నాను.

చిట్లిన ముక్క కోసి పారేశాను. ఆ సందులో స్ప్రేయర్ గొట్టం జానెడు ముక్క ఎక్కించి, రెండు వైపులా క్లిప్పులు వేసి బిగించాను. స్ప్రేయర్ గొట్టం ఆషామాషీది కాదు, ఎంత ప్రెషరైనా తట్టుకుంటుంది. ఆ లెక్క నాకు తెలుసు. కారు గొట్టం నున్నగా, సన్నగా, బిరుసుగా ఉంటుందని, దాని మీద క్లిప్పు పట్టు ఎక్కువ రోజులు నిలవదని మాత్రం ఆలోచించలేదు. నెర్రెలిచ్చిన సంచికి పంక్చర్ సొల్యూషన్ రెండు పూతలు పూశాను.

మా ఆవిడ హైమావతి గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది.

"జిలానీ విప్పొద్దన్నాడన్నావుగా?"

"జిలానీకి బోరు మోటారు విప్పడం వచ్చా?"

"బోరు మోటారుకీ దీనికీ ఏందయ్యా సంబంధం?"

"నీకు తెలవదు, లోపలికి పో."

స్టార్ట్ చేశాను. కంప్రెసర్ గుర్రుమంది. కారు కుడి భుజం నెమ్మదిగా పైకి లేచింది. లేచి నిలబడింది! చెప్పొద్దూ, నా మొదటి బోరులో నీళ్లు పడినప్పుడు కూడా నాకంత ఆనందం కలగలేదు. ఒక్కటే లోపం. స్టీరింగు ముందు పసుపు దీపం ఒకటి ఆరలేదు. కారుకి ఏదో జబ్బుందని చెప్పే దీపం అది. దాన్ని ఎలా ఆర్పాలో తెల్లవాడు కూడా చెప్పలేదు. లోపలికి వెళ్లి అద్దానికి అంటించి ఉన్న హైమావతి బొట్టుబిళ్ళల్లో పెద్దదొకటి పీకి, దీపం మీద అంటించాను. వెలుగు కనపడటం మానేసింది.

"నా బొట్టుబిళ్ళ దానికి పెట్టావా?" అంది హైమావతి.

"ముత్తైదువులాగా ఉంది చూడు."

"ముత్తైదువు సంగతి తర్వాత. పెళ్లిలో పరువు తీయకుండా ఉంటే చాలు."

సాయంత్రం ఆనందరావు వచ్చి కారు చుట్టూ తిరిగాడు. "బాగైందా అన్నయ్యా? ఎవరు చేశారు?" అని అడిగాడు. ఇంత కారుకి మిర్చి స్ప్రేయర్ గొట్టం కట్టానని చెప్పుకోవడానికి నాకు నామోషీగా అనిపించింది. "జిలానీ చూశాడు" అన్నాను. చూశాడన్నది అబద్ధం కాదు కదా.

పెళ్లి దాకా కారు నిక్షేపంగా ఉంది. పొద్దున్నే లేచి చూసేసరికి ఒక వేలెడు దిగేది, స్టార్ట్ చేస్తే లేచేది. నరసరావుపేటకి రెండుసార్లు వెళ్లొచ్చాను. జిలానీ షెడ్డు ముందు నుంచి మాత్రం పోలేదు. వేరే రోడ్డున తిరిగి వెళ్లాను.

పెళ్లి రోజు సాయంత్రం ఐదింటికి ఎదురుకోలు. విడిది మా ఊరి హైస్కూలు పక్కనున్న కొత్త మేడలో ఇచ్చాం. నేనే స్టీరింగు పట్టాను. వెనక పెళ్లికొడుకు శ్రీకర్, పక్కన వాళ్ల బావ. ముందు బ్యాండు, దాని వెనక పానకం బిందెలు పట్టుకుని మా ఆడవాళ్లు, చుట్టూ ఇరువైపుల చుట్టాలు, మొత్తం రెండొందల మంది. కారు పూలతో మెరిసిపోతోంది. మా వాళ్లు కారు వంక, నా వంక చూస్తుంటే నా మెడ ఎంత నిటారుగా ఉందో నాకే తెలుస్తోంది. నత్తనడకన పోతున్నాం. ఏసీ నడుస్తోంది, ఇంజను వేడెక్కుతోంది, కంప్రెసర్ ఆగకుండా గుర్రుమంటోంది. బ్యాండు మోతలో ఆ చప్పుడు నా ఒక్కడికే వినపడుతోంది.

పందిరి ఇంకా రెండొందల గజాలుందనగా రోడ్డుకి అడ్డంగా స్పీడ్‌బ్రేకర్. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. టప్‌మని శబ్దం. తర్వాత బుస్‌మని గాలి. కారు కుడి మోకాలి మీద కూలబడింది. చక్రం లోపలికి దూరి రేకు గీసుకుంటూ ఆగిపోయింది. శ్రీకర్ తలపాగా ముందు సీటుకి తగిలి పక్కకి జరిగింది. బ్యాండు ఆగిపోయింది.

మగపెళ్లివారి వైపు ఒక పెద్దావిడ, శ్రీకర్ మేనత్త, గట్టిగానే అంది: "ఎదురుకోలులోనే కూలబడిందేందమ్మా ఇది!"

ఆ మాట ఎంత దూరం పోతుందో మా వైపు పెళ్లిళ్లు చూసినవాళ్లకు తెలుసు. రేపు బిందుకి తలనొప్పి వచ్చినా ఆ కూలబడ్డ కారునే తలుచుకుంటారు. ఆనందరావు ముఖంలో నెత్తురు లేదు. నేను కారు దిగాను. రెండొందల మంది నన్నే చూస్తున్నారు. ముందు నుంచి పూర్ణచంద్రరావుగారు వచ్చారు. మంచి మనిషి, నవ్వుతూనే వచ్చారు.

"ఏంది బావగారూ, ఏమైంది?"

చెప్పడానికి ఒక క్షణం ఉంది నాకు. "నేనే ఏదో కెలికానండీ" అంటే సరిపోయేది. నవ్వేవాళ్లు, అంతే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"ఆ జిలానీగాడండీ. వారం కిందే చేయించా. నమ్మి ఇస్తే ఇట్టా చేసి పెట్టాడు పనికిమాలినోడు."

"నరసరావుపేట జిలానీయేనా?"

"అతనే."

పూర్ణచంద్రరావుగారు తల ఊపారు. "అయ్యో, మా లారీలు ఆయనకే అప్పజెబుదామనుకుంటన్నానే. మంచిదైంది, ముందే తెలిసింది" అన్నారు.

నేను పక్కకి తిరిగాను. కారుకి అవతలి పక్క జిలానీ నిలబడి ఉన్నాడు. శుభలేఖ ఇచ్చి పిలిచింది నేనే. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో మా వాళ్లిచ్చిన పానకం గ్లాసు. వెనక అతని భార్య హలీమా, చేతిలో చదివింపుల కవరు. అంతా విన్నారు.

గ్లాసు పక్కనున్న వాళ్లకిచ్చి జిలానీ రోడ్డు మీద ఒక మోకాలు ఆనించి కూర్చున్నాడు. ఫోన్ లైటు వేసి చక్రం వెనక్కి చూశాడు. నా స్ప్రేయర్ గొట్టం ఊడిపోయి వేలాడుతోంది. దాన్ని వేలితో ఒకసారి కదిపి చూశాడు. తర్వాత లేచి, డ్రైవరు తలుపులోంచి లోపలికి వంగి దీపం వైపు చూశాడు. బొట్టుబిళ్ళ కూడా చూశాడు. ఇప్పుడు నోరు విప్పుతాడు, నా పని అయిపోయింది అనుకున్నాను.

"బండి ఇక్కణ్ణుంచి కదలదు" అన్నాడు. "జాకీ వేసి పక్కకి నెట్టించండి. పెళ్లికొడుకుని నడిపించుకుపోండి, ముహూర్తం దాటకుండా."

అంతే అన్నాడు. నా ముఖంలోకి చూడలేదు. శ్రీకర్ మంచి కుర్రాడు, తలపాగా సర్దుకుని దిగి జోకులేస్తూ నడిచాడు. బ్యాండు మళ్లీ మొదలైంది. పెళ్లి సజావుగానే జరిగింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు ఒక మూల కుర్చీలో కూర్చున్నాను. భోజనాల దగ్గర జిలానీ కోసం వెతికాను. లేడు. చదివింపుల కవరు తమ్ముడి చేతికిచ్చి, అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండానే భార్యాభర్తలిద్దరూ వెళ్లిపోయారని తెలిసింది. మా ఇంటి శుభకార్యంలో, పిలిచిన మనిషి అన్నం తినకుండా వెళ్లడం అదే మొదలు.

మర్నాడు హైమావతి కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "ఆ గొట్టం కట్టింది ఎవరు?" అని అడిగింది.

"ఆ టైములో ఏదో ఒకటి చెప్పాల గదా. పరువు పోతంటే."

"ఎవరి పరువు? నీదొక్కడిదేనా పరువు?"

నాకు కోపం వచ్చింది. గ్లాసు తోసేశాను. కాఫీ ఒలికింది. ఆమె గుడ్డ తెచ్చి తుడిచి, "వాళ్లు అన్నం కూడా తినకుండా పోయారయ్యా" అంది.

మూడో రోజు జిలానీ షెడ్డుకి వెళ్లాను. ఏదో జీపు కింద ఉన్నాడు. పిలిస్తే బయటికి వచ్చాడు. స్టూలు చూపించాడు, నేను కూర్చోలేదు.

"తప్పయిపోయింది జిలానీ" అన్నాను. జీవితంలో ఎవరితోనైనా ఆ మాట అన్నానో లేదో గుర్తులేదు.

"దేనికి బాబాయ్?"

"ఆ రోజు అట్టా అన్నందుకు."

"ఎంతమందిలో అన్నారు?"

నేను షెడ్డు మూలనున్న టైర్ల వంక చూశాను.

"రెండొందల మందిలో అన్నారు. ఇక్కడెంతమందిమి ఉన్నాం? మీరు, నేను, ఆ కుక్క." చేతిలో గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటున్నాడు. "పదిమందిలో అన్న మాట పదిమందిలోనే చెప్పాల. ఇక్కడ నా చెవులో చెప్తే మీ మనసు చల్లబడిద్ది. నాకేం ఒరిగిద్ది?"

నాలోని పాత పొగరు ఒకసారి తలెత్తింది. "నువ్వైనా అప్పుడే చెప్పొచ్చుగా, నేను చేయలేదని?"

"చెప్తే? మీరు ఆసామి. నేను రేకుల షెడ్డోణ్ణి. ఎవరి మాట నమ్ముతారు?" అతని గొంతు పెద్దదైంది. "నేను నోరు మూసుకుంది మీ కోసం అనుకోబాకండి. బిందమ్మ పెళ్లిలో గొడవ ఎందుకని. చిన్నప్పుడు మీ స్కూటరు ముందు నిలబడి ఈ షెడ్డుకి వచ్చేది ఆ పిల్ల."

"లారీల పని..."

"పోయింది. పెళ్లైన మర్నాడే పిడుగురాళ్లలో ఎవరికో ఇచ్చారంట. కరీముల్లా అక్కడ ఉద్యోగం మానేస్తానని చెప్పేశాడు. మళ్లీ ఉంటానని చెప్పుకోమన్నాను."

"కారు నీ దగ్గరే చేయిస్తా, ఎంతైనా కానీ."

"ఆ బండి నేను ముట్టుకోను" అన్నాడు. జీపు కిందికి వెళ్లిపోయాడు.

బస్సులో తిరిగొస్తూ నిర్ణయించుకున్నాను. పదహారు రోజుల పండగ దాచేపల్లిలో, మగపెళ్లివారింట్లో. ఇరువైపుల వాళ్లూ ఉంటారు. ఎదురుకోలులో ఉన్నవాళ్లలో సగం మందైనా వస్తారు. అక్కడ చెప్పాలి. పండగ వచ్చేవరకూ ప్రతి రోజూ చేలో మిర్చి సాళ్ల మధ్య తిరుగుతూ ఆ మాటలు అప్పజెప్పుకున్నాను. కూలీలు నా వంక వింతగా చూశారు. ఎన్నిసార్లు అనుకున్నా "నేనే" అన్న చోట ఆగి మళ్లీ మొదటికొచ్చేవాణ్ణి.

పండగకి ఆనందరావు కారులో, సారెతో వెళ్లాం. దారిలో తమ్ముడికి చెప్పాను. "ఇప్పుడెందుకు అన్నయ్యా, అందరూ మర్చిపోయారు" అన్నాడు. "జిలానీ మర్చిపోలేదు" అన్నాను.

భోజనాలకు ముందు, బట్టలు పెట్టే సమయానికి హాల్లో అందరూ చేరారు. ఆ మేనత్త కూడా ఉంది. పూర్ణచంద్రరావుగారు నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. నేను లేచి నిలబడ్డాను.

"బావగారూ, మీ అందరికీ ఒక మాట చెప్పాల. ఎదురుకోలులో కారు కూలబడింది చూడండీ, అది జిలానీ తప్పు కాదు. అతను అసలు దాన్ని రిపేరు చేయలేదు. చేయొద్దని నాకు చెప్పాడు కూడా. నేనే విప్పా. నేనే స్ప్రేయర్ గొట్టం కట్టా. ఆ రోజు అబద్ధమాడా."

గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టయింది. అయిపోయింది అనుకున్నాను.

పూర్ణచంద్రరావుగారు ఒక్కసారిగా నవ్వారు.

"చూశారా! పెద్దమనిషంటే ఇట్టా ఉండాలి!" అని అందరి వైపు తిరిగారు. "ఒక పనోడి కడుపు కొట్టినట్టయిందని, వాడి తప్పు నెత్తిన వేసుకుంటన్నారు. ఎంతమందికుంటది ఈ మనసు!"

"కాదు బావగారూ, నిజంగా నేనే..."

"ఊరుకోండి! పదెకరాల ఆసామి, మీరు కారు కింద దూరి స్ప్రేయర్ గొట్టం కడతారా? ఎవరైనా నమ్ముతారా?"

"దీపం మీద బొట్టుబిళ్ళ కూడా నేనే అంటించా!" అని అరిచాను.

హాలు గొల్లుమంది. కడుపులు పట్టుకుని నవ్వారు. వాళ్లకది నేను కావాలని కట్టిన హాస్యం. దిక్కుతోచక హైమావతి వంక చూశాను. ఆమె లేచి, "నిజమేనన్నయ్యా, ఈయనే చేశారు. నేను చూశా" అంది.

"మా చెల్లెమ్మ చూడండి, మొగుడి మాట జవదాటదు" అన్నారు పూర్ణచంద్రరావుగారు. ఆ మేనత్త కూడా కళ్లు ఒత్తుకుంటూ, "బిందు ఇట్టాంటి ఇంటి పిల్ల, మన అదృష్టం" అంది. కూలబడ్డ కారు అపశకునం ఆమె మనసులోంచి ఆ క్షణంలోనే తుడిచిపెట్టుకుపోయింది.

"మరి లారీల పని సంగతి?" అన్నాను. నా గొంతు నాకే బిచ్చగాడి గొంతులా వినపడింది.

"అది ఇచ్చేశాం బావగారూ, ఏడాదికి మాట అయిపోయింది. అయినా మీది జాలిగుండె గానీ, పని రానోణ్ణి పెట్టుకుని మేమేం చేసుకుంటాం చెప్పండి?"

పట్టుకండువా తెచ్చి నా భుజాల మీద కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో ఆ కండువా కింద తెలిసింది నాకు. అరుద్దామనుకున్నాను, కండువా విసిరికొడదామనుకున్నాను. ఎదురుగా బిందు అత్తగారి పక్కన నిలబడి నా వంక గర్వంగా చూస్తోంది. కూర్చున్నాను. వడ్డించిన అన్నం కెలికి లేచాను.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి నరసరావుపేట వెళ్లాను. జిలానీ అప్పుడే షెడ్డు తలుపులు తీస్తున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"చెప్పాను జిలానీ. పదిమందిలోనే, నిలబడి చెప్పాను. గొట్టం సంగతీ చెప్పాను, అబద్ధమాడానని కూడా చెప్పాను."

తాళంచెవి చేతిలోనే ఉంది. చాలా రోజుల తర్వాత నా ముఖంలోకి నేరుగా చూశాడు. ఆ చూపులో ఆశ ఉంది. అంతకంటే నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

"ఏమన్నారు బాబాయ్?"

ఇక్కడ కూడా ఒక అబద్ధం ఆడొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. తల వంచుకున్నాను.

"మెచ్చుకున్నారు."

"ఎవర్ని?"

"నన్ను" అన్నాను.